నీటికుక్కలకు నేను వేసిన మార్కులు

కోనసీమ వెళ్ళొచ్చి నెల దాటింది. ఎలా ఉందని అడిగిన వాళ్ళందరికీ పచ్చగా ఉందని చెబుతున్నాను. అది నిజమే. కానీ నేను వెళ్ళింది పచ్చదనం చూడటానికి కాదు, అయిదేళ్ళ కిందట నేను వేసిన మార్కులు సరైనవో కావో తేల్చుకోవడానికి. తేలిందా అంటే, దయచేసి ఆ ప్రశ్న ఇప్పుడే అడగకండి.

నేను కర్నూలులో ముప్పై ఏళ్ళు జువాలజీ పాఠాలు చెప్పి రిటైరయ్యాను. సెలవు రోజుల్లో తుంగభద్ర ఒడ్డున కూర్చుని నీటికుక్కలను చూడటం నా పిచ్చి. నీటికుక్క అంటే కుక్క కాదు. పొట్టి కాళ్ళు, పొడుగు ఒళ్ళు, నున్నటి బొచ్చు, నీళ్ళలో దిగితే చేపకంటే చురుకు. నదులన్నీ చిక్కిపోతున్నట్టే ఇవీ తగ్గిపోతున్నాయి. వాటి గురించి నాలుగు వ్యాసాలు రాసిన పుణ్యానికి నన్ను నిపుణురాలన్నారు. అదే కొంప ముంచింది.

అయిదేళ్ళ కిందట ఒక వన్యప్రాణి సంస్థ నుంచి కాగితాలు వచ్చాయి. గోదావరి సముద్రంలో కలిసే చోట తొమ్మిది పాయల్లో నీటికుక్కలున్నాయట. అన్నిటినీ లెక్కపెట్టే తీరిక, మనుషులు లేరు. అందుకని ఎనిమిది మంది నిపుణులను అడుగుతున్నారు. ఇరవై ఏళ్ళ తర్వాత కూడా ఈ పాయలో నీటికుక్కలు బతికి ఉండే అవకాశం నూటికి ఎంత? తక్కువలో తక్కువ ఎంత, ఎక్కువలో ఎక్కువ ఎంత, మీ మనసులో మాట ఎంత, ఆ మాట మీద మీకు నమ్మకం ఎంత? ఒక్కో పాయకు ఈ నాలుగు గడులు నింపాలి.

ఏడో పాయ కాట్రేనికోన అవతల ఉంది. అక్కడ కాపలాకు పెట్టుకున్న మనిషి రెండేళ్ళపాటు రోజూ రాసిన పట్టిక జత చేశారు. పెద్దవి రెండు, మూడు, రెండు అని అంకెలున్నాయి. పక్కన పిల్లలు అనే గడి పైనుంచి కిందదాకా ఖాళీ. రెండేళ్ళలో ఒక్క పిల్ల పుట్టలేదంటే ఆ వంశం అయిపోయినట్టే. ఒక చేత్తో ఉగ్గాని తింటూ రెండో చేత్తో రాసేశాను. అయిదు, ముప్పై, పదిహేను. నమ్మకం ఎనభై. గోదావరి డెల్టా వైపు నేను అప్పటికి ఒక్కసారి కూడా వెళ్ళలేదు.

నెలన్నర కిందట రెండో విడత కాగితాలు వచ్చాయి. తొమ్మిదిలో నాలుగు పాయలను మాత్రమే కాపాడతారు. మిగతా అయిదింటి ఒడ్డున ఉన్న మడ అడవి రొయ్యల చెరువులకు లీజుకు పోతుంది. ఆ నెలాఖరుకల్లా మళ్ళీ గడులు నింపాలి. మొదటి విడతలో ఎవరెంత వేశారో పేర్లు లేకుండా చుక్కలుగా గీసి పంపారు. ఏడో పాయ దగ్గర ఏడు చుక్కలు ఒకచోట గుమిగూడి ఉన్నాయి. ఒక్కటి కింద, దూరంగా, అలిగి కూర్చున్నట్టు ఉంది. అది నాదే. మర్నాడు కాగితాలు సంచిలో పెట్టుకుని రైలెక్కాను.

ఆత్రేయపురం

రాజమండ్రిలో దిగి కాలవ గట్టు మీదుగా ఆత్రేయపురం వచ్చేసరికి పొద్దు బాగా ఎక్కింది. కర్నూలులో నీళ్ళ ట్యాంకరు వెనక పరుగెత్తిన మనిషిని నేను. ఇక్కడ ప్రతి ఇంటి ముందూ కాలవ, కాలవ మీద చిన్న వంతెన. నీళ్ళు అడగకుండానే గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాయి. చూస్తే సంతోషమూ వేసింది, ఎందుకో కాస్త కోపమూ వచ్చింది.

వరలక్ష్మి గారనే ఆవిడ ఇంట్లో పూతరేకులు చేస్తున్నారంటే వెళ్ళి పక్కన పీట మీద కూర్చున్నాను. బోర్లించిన కుండ కింద ఎండు కొబ్బరాకుల మంట. పల్చటి బియ్యప్పిండి జావలో గుడ్డ ముంచి కుండ మీద ఒక్కసారి లాగుతారు. కళ్ళు మూసి తెరిచేలోపు ఉల్లిపొర లాంటి రేకు లేస్తుంది.

దారిలోనే అనుకున్నాను, నన్ను అడిగిన నాలుగు ప్రశ్నలూ కనిపించిన వాళ్ళనల్లా అడిగి చూడాలని. అడగటం ఎలాగో తెలిస్తే చెప్పడం తెలుస్తుందని ఆశ.

"నూరు రేకులు తీస్తే ఎన్ని చిరుగుతాయండీ? తక్కువలో తక్కువ ఎన్ని?"

"చిరిగినియ్యి చిరిగినట్టే లోపలెట్టి మడిచేత్తామండి. పైకి మంచి రేకొకటి చుడితే సరి," అన్నారావిడ.

"అయితే చిరిగినవి ఎన్నని రాసుకోను?"

"రాసుకోవడం ఎందుకండీ, తినండి," అని బెల్లం, నెయ్యి వేసిన రేకు చేతిలో పెట్టారు. తిన్నాను. లోపల చిరుగులున్నాయో లేదో నోటికి తెలియలేదు. పది రేకుల డబ్బా రెండు వందలంటే రెండు డబ్బాలు కొన్నాను.

పెరట్లో ఒక కోడి పిల్లలను వెంటేసుకుని తిరుగుతోంది. ఊరికే మాట కలపడానికి అడిగాను. "ఎన్ని లేచాయండీ?"

"లేచినియ్యండి."

వినపడలేదేమోనని మళ్ళీ గట్టిగా అడిగాను. "బానే లేచినియ్యండి," అని కుండ వైపు తిరిగిపోయారు. మా కర్నూలులో అయితే పొదిగినవి ఎన్ని, లేచినవి ఎన్ని, పిల్లి ఎత్తుకుపోయినవి ఎన్ని, ఆ పిల్లి ఎవరింటిది అన్నీ చెప్పేవాళ్ళు. ఇంత మర్యాదస్తురాలు ఈ చిన్న మాటకు ఎందుకు ముఖం తిప్పుకున్నారో అర్థం కాక డబ్బాలు పట్టుకుని బయటపడ్డాను.

కొత్తపేట

రావులపాలెంలో అమలాపురం బస్సనుకుని రాజోలు బస్సెక్కాను. టికెట్టు అడిగినప్పుడు కండక్టరు నవ్వలేదు, విసుక్కోలేదు. "కొత్తపేటలో దింపేత్తానండి, అక్కణ్ణుంచి బోల్డు బస్సులున్నాయి, కంగారు పడకండి," అన్నాడు. మా వైపు కండక్టరయితే నా కళ్ళద్దాల గురించి నాలుగు మాటలు వినిపించేవాడు.

కొత్తపేటలో టీ కొట్టు బల్ల మీద నా పక్కన కూర్చున్నాయన సూరిబాబు గారు. తోటల్లో కొబ్బరికాయల దింపు తీయించే పని ఆయనది. అంటే మనుషులను చెట్లెక్కించి కాయలు దింపించడం. టీ తాగుతూ తల పైకెత్తి, రోడ్డు పక్క చెట్టును చూసి "ముప్పై ఉంటాయండి," అన్నారు. నేను ఎంత చూసినా నాకు ఆకులే కనిపించాయి.

"ఎలా తెలుస్తుందండీ?"

"మట్ట ఒంగిన తీరు సూత్తే తెలిసిపోద్దండి. కానీ రైతు అడిగితే పాతికంటాను. కొనే షావుకారు అడిగితే ముప్పై అయిదంటాను."

"మీ మనసులో మాట?"

"అది ఇంటికెళ్ళాక మా ఆవిడతో చెప్తానండి," అని గ్లాసు దించి నవ్వారు.

నాకూ నవ్వు వచ్చింది. బస్సెక్కాక మాత్రం నవ్వు తగ్గింది. అడిగే వాళ్ళను బట్టి అంకె మారుతుందన్న మాట. మరి నేను పదిహేను అని ఎవరికి చెప్పాను? నన్ను అడిగిందెవరు? ఒక కాగితం. కాగితానికి మొహమాటపడేదేముంది, అందుకే ఉన్నదున్నట్టు చెప్పానని సమాధానపడ్డాను. కానీ ఉన్నది నేను చూసిందెక్కడ?

అమలాపురం

అమలాపురంలో నాకొక దిక్కుంది. గ్రేస్ కుమారి, విశాఖలో ఎమ్మెస్సీ చదివిన రోజుల్లో హాస్టల్లో నా పక్క మంచం. హెడ్మిస్ట్రెస్‌గా రిటైరై, ఆదివారాలు చర్చిలో, మిగతా రోజులు పెరట్లో కాలక్షేపం చేస్తోంది. సంగతంతా ఫోన్లో ముందే చెప్పాను. గుమ్మంలోనే పట్టుకుంది.

"నీ పేపరు నువ్వే రీవాల్యుయేషన్ చేసుకోడానికి వచ్చేవన్న మాట. ఫీజు కట్టేవా?"

అన్నంలోకి పనసపొట్టు కూర, చింతచిగురు వేసిన ఎండు రొయ్యలు. పనసకాయను పొట్టుగా కొట్టి ఆవ పెట్టి వండుతారని పుస్తకాల్లో చదివానే గాని తినలేదు. అది కూరా, మాంసమా అని నాలుక మొదటి ముద్దకు తడబడింది. మూడుసార్లు వడ్డించుకున్నాను. గ్రేస్ లెక్కపెట్టి చెప్పింది.

భోజనమయ్యాక, ఈ కాగితాల వ్యవహారమంతా చూస్తున్న మాధురి అనే అమ్మాయికి విశాఖ ఫోన్ చేశాను. చురుకైన పిల్ల, పాపం నోటి తొందర కూడా ఉంది.

"ఒక సందేహం. నేను ఈసారి ఏడో పాయకు బాగా ఎక్కువ వేస్తే అది నిలబడుతుందా?"

"మరీ ఎక్కువ వేస్తే కూడా పోతుంది మేడమ్. ఎనభై దాటితే వాటికి మన సాయం అక్కర్లేదని తీసేస్తారు. ఇరవై లోపు అయితే సాయం చేసినా దండగని తీసేస్తారు. మధ్యలో ఉన్నవాటికే..." అని ఆగిపోయింది. "అయ్యో, ఇది నిపుణులకు ముందే చెప్పకూడదు మేడమ్. నోరు జారాను."

ఫోన్ పెట్టేసి గ్రేస్ మొహం చూశాను. "పేపరు లీకయ్యింది," అంది తీరిగ్గా, పళ్ళెం తీస్తూ. "ఇప్పుడు నువ్వు ఏ అంకె వేసినా కాపీ కొట్టినట్టే."

ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. నిజమేమిటో చూసి నిజం రాద్దామని వచ్చాను. ఇప్పుడు నిజం ఎనభై అయ్యుంటే నిజం రాసినందుకు పాయ పోతుంది. పదిహేనే అయ్యుంటే అప్పుడూ పోతుంది. పాయ నిలవాలంటే నిజం మధ్యలో ఉండాలి. నా అవసరాన్ని బట్టి నిజం సర్దుకోదు కదా.

కాట్రేనికోన దారి

మర్నాడు పొద్దున్నే ఆటో మాట్లాడుకున్నాను. ఆరు వందలు, రానూ పోనూ. డ్రైవరు నాగేశ్వర్రావుకు ఒక రొయ్యల చెరువులో వాటా కూడా ఉంది. దారికి రెండు పక్కలా చెరువులే. నీళ్ళు చిలికే చక్రాలు గిరగిరా తిరుగుతున్నాయి. కొబ్బరితోటలు పలచబడి, ఉప్పుగాలి మొదలైంది.

"ఇటు నీటికుక్కలు ఉన్నాయా బాబూ?"

"ఆయ్, బోల్డున్నాయండి. గుంపులు గుంపులు. వలకంచె కొరికేసి చెరువులోకి దిగిపోతాయండి."

"ఈ మధ్య తగ్గిపోయాయని విన్నాను."

"ఆయ్, తగ్గిపోయినియ్యండి. ఇప్పుడెక్కడున్నాయండీ, అసలు కనపడ్డం లేదు."

"బాబూ, ఉన్నాయా, లేవా?"

అతను అద్దంలోంచి నన్ను చూసి, ఈవిడకు ఏ జవాబు కావాలో తేల్చుకోలేక, "మీరు పెద్దోరు, మీకు తెలీదేంటండీ," అన్నాడు. ఇంటికొచ్చిన మనిషి మాటను కాదనకూడదన్న మర్యాద వల్ల నేను రెండు కిలోమీటర్ల లోపల నీటికుక్కలను ఒకసారి పెంచి ఒకసారి తుడిచిపెట్టాను. తప్పు అతనిది కాదు. నా ప్రశ్నల్లో జవాబు ముందే ఉంది.

ఏడో పాయ

పాయ ఒడ్డున పది పన్నెండు ఇళ్ళు. చివరి ఇల్లు సత్యవతి గారిది. పట్టిక కింద ఉన్న సంతకం ఆవిడదే. యాభై దాటిన మనిషి, ఎండకు కాలిన సన్నటి చేతులు, పదో తరగతి దాకా చదివిన చక్కటి దస్తూరీ. మొదటి విడత మార్కుల్లో ఈ పాయ వెనకబడిందని కాపలా పని తీసేశాక మళ్ళీ పీతలు పట్టుకుంటున్నారు. మడచెట్ల వేళ్ళ మధ్య బురదలో దొరికే పీతలే ఆ ఇళ్ళన్నిటికీ ఆధారం. పాయ జాబితాలోంచి పోతే మడచెట్లు పోతాయి, చెట్లతో పీతలూ పోతాయి. అవతలి ఒడ్డున ఉన్న వాళ్ళ అక్క వాళ్ళకు అలాగే పోయాయని, ఇప్పుడు రొయ్యల షెడ్డులో తలలు తీసే కూలికి వెళ్తోందని దోనె ఎక్కేముందు చెప్పారు.

నేనెవరో అప్పటికి పూర్తిగా చెప్పలేదు. నీటికుక్కల మీద చదువుకున్నదాన్ని, చూడటానికి వచ్చానన్నాను. అబద్ధం కాదు గాని, చిరిగిన రేకును లోపల పెట్టి మడిచేయడం లాంటిదే.

ఆటు మొదలై నీళ్ళు దిగుతున్నాయి. ఆవిడ దోనె వెనక నిలబడి గెడ వేస్తుంటే నేను ముందు కూర్చుని నా అలవాటు ప్రకారం బండల కోసం చూస్తున్నాను. తుంగభద్రలో నీటికుక్కలు బండల మీద విసర్జిస్తాయి. ఆ గుర్తులను బట్టే వాటి ఉనికి తెలుస్తుంది. అరగంట చూశాను. ఒక్క బండా లేదు. అంటే గుర్తులు లేవు. పదిహేను కూడా ఎక్కువేనేమో అనిపించింది.

"ఏంటండీ ఎతుకుతున్నారు?"

"బండలు."

"ఇక్కడ బండలెక్కడుంటాయండీ, అంతా ఒండ్రే కదా," అని దోనెను ఒక వంపులోకి తిప్పారు. బురదలో ఒక తాటిదుంగ పడి ఉంది. దాని మీద పీత పెంకుల ముక్కలు, చేప పొలుసులు కలిసిన నల్లటి గుర్తులు, పాతవీ కొత్తవీ, వరసగా. బండలు లేని చోట అవి దుంగను వాడుకుంటున్నాయి. పుట్టి బుద్ధెరిగిన ప్రతి ప్రాణీ చేసే పనే అది, ఉన్నదానితో సర్దుకోవడం. ముప్పై ఏళ్ళు పాఠం చెప్పినదాన్ని, నాకు తట్టలేదు.

దగ్గరగా చూద్దామని ఆత్రంగా దిగాను. మోకాలి దాకా కూరుకుపోయాను. సత్యవతి గారు గెడ అందించి లాగారు. నేను వచ్చాను, ఎడమ చెప్పు రాలేదు. ఆవిడ నవ్వాపుకోడానికి చాలా అవస్థ పడ్డారు.

ఆ బురదతో దోనెలో కూర్చుని ఒళ్ళు తుడుచుకుంటుండగా అవతలి ఒడ్డున కూత వినిపించింది. ఈల లాంటి, పక్షి పిలుపు లాంటి కూత. నాకు తెలిసిన కూతే. మడచెట్ల వేళ్ళ కిందనుంచి ఒక పెద్ద నీటికుక్క వచ్చింది. దాని వెనక ఇంకొకటి. వాటి మధ్య, తల్లి మెడ కిందకు దూరుతూ, బురద మీద పొట్టతో జారుతూ, మళ్ళీ ఎక్కి మళ్ళీ జారుతూ, పిల్లలు.

నాకు ఏడుపు వచ్చింది. సిగ్గుపడకుండా చెబుతున్నాను, వెక్కి వెక్కి వచ్చింది. వేలు చాపి లెక్కపెట్టబోయాను. సత్యవతి గారు నా వేలు పట్టుకుని కిందకు దించేశారు.

అవి నీళ్ళలోకి దిగి వెళ్ళిపోయాక అడిగాను. "మీరు కాపలా ఉన్న రోజుల్లో పిల్లలు లేవా?"

"ఎందుకుండవండీ? ఏటా పెడతానే ఉన్నాయి."

"మరి రాయలేదేం? ఆ గడి రెండేళ్ళూ ఖాళీగా ఉందే."

"పసోటిని లెక్కెడతారేంటండీ?" అన్నారు, నేనేదో అనరాని మాట అన్నట్టు. "మా అమ్మ నన్ను ఒక్కనాడూ లెక్కెట్టనివ్వలేదండి. కోడి పిల్లలైనా, మనిషి పిల్లలైనా, లెక్కెట్టేమంటే తగ్గిపోతాయండి. పెద్దయ్యాక లెక్కలోకి వత్తాయి. అందుకని పెద్దోటినే రాసేనండి."

ఆత్రేయపురంలో కోడి పిల్లల సంగతి అడిగితే వరలక్ష్మి గారు ముఖం తిప్పుకోవడం గుర్తొచ్చింది. నా కాళ్ళ మీద బురద ఆరిపోతోంది.

"కానీ ఖాళీ గడి చూస్తే పిల్లలు లేవనుకుంటారు కదండీ."

"లేకపోతే సున్నా ఎట్టేదాన్ని కదండీ. ఖాళీ అంటే రాయలేదనే కదా. మీరు చదువుకున్నోరు, ఖాళీని సున్నా అని ఎలాగనుకున్నారండీ?"



అప్పుడు చెప్పేశాను. ఎనిమిది మందిలో అందరికన్నా తక్కువ వేసింది నేనేనని, ఆవిడ వదిలేసిన గడిని చూసే వేశానని, నమ్మకం ఎనభై అని కూడా రాశానని. ఆవిడ గెడ వేయడం ఆపేశారు. దోనె ప్రవాహానికి పక్కకు తిరిగింది. అరిచినా బాగుండేది. మా ఊళ్ళో అయితే దుమ్మెత్తి పోసేవాళ్ళు, నేనూ కాస్త తేలికపడేదాన్ని.

"నా పని పోయింది అందుకేనాండీ?" అని మాత్రం అన్నారు. నేను అవునన్నాను. ఆవిడ మళ్ళీ గెడ అందుకున్నారు. ఒడ్డుకు చేరాక, "ఒళ్ళంతా బురదగా ఉన్నారు, కాళ్ళు కడుక్కుని టీ తాగుదురు గాని రండి," అన్నారు. ఆ టీ తాగడం నేను జీవితంలో చేసిన కష్టమైన పనుల్లో ఒకటి.

పొయ్యి దగ్గర

వాకిట్లో పొయ్యి పక్కన కూర్చుని సంచిలోంచి కాగితాలు తీశాను. మొదటి పేజీలో నాలుగు గడులు. రెండో పేజీలో, ఈసారి కొత్తగా, ఆ పాయను స్వయంగా చూసిన వాళ్ళు నింపాల్సినవి. పెద్దవి ఎన్ని, పిల్లలు ఎన్ని.

"అంకె తప్పకుండా రాయాలాండీ?"

"రాయాలి. ఖాళీ వదిలితే నాలాంటి వాళ్ళు ఇంకా ఏడుగురున్నారు."

"రాయకపోతే పాయ పోద్దా?"

"పోవచ్చు."

"రాత్తే ఉంటాదా?"

"చెప్పలేను."

"ఇదేం చదువండీ," అన్నారు. ఎగతాళిగా కాదు. నిజంగానే అర్థంకాక.

నాకూ అర్థం కాలేదు. దిష్టి మీద నాకు నమ్మకం లేదు. కానీ ఒక తల్లి కన్నపిల్లలను అంకెగా మార్చి, తెలియని వాళ్ళ బల్ల మీద పెట్టబోతున్నాను. పోయినసారి అదే బల్ల మీద వాటికి జరిగింది కూడా మేలేమీ కాదు. సత్యవతి గారి అమ్మ భయపడింది ఇలాంటి దాన్నే అయితే, ఆవిడ నాకన్నా ఎక్కువ తెలిసిన మనిషి.

ఆవిడ పొయ్యిలో మంట ఎగదోశారు. "రాసెయ్యండి. నోటితో మాత్రం అనకండి," అన్నారు చివరికి.

రాశాను. ఆవిడ టీ గిన్నె అడుగున వేలు రుద్ది, ఆ మసిని నేను వేసిన అంకె పక్కన చుక్కగా పెట్టారు. పసిపిల్ల బుగ్గ మీద పెట్టినంత జాగ్రత్తగా. తర్వాత వేలు చీర కొంగుకు తుడుచుకుని, లోపలినుంచి రెండు పాత రబ్బరు చెప్పులు తెచ్చి నా ముందు పెట్టారు. రెండు డబ్బాల పూతరేకుల్లో ఒకటి ఆవిడకిచ్చాను. ఇంకేం ఇవ్వాలో తోచలేదు.

మొదటి పేజీ అమలాపురం వచ్చాక, గ్రేస్ ఇంటి అరుగు మీద నింపాను. తక్కువలో తక్కువ ఇరవై. ఎక్కువలో ఎక్కువ డెబ్భై అయిదు. మనసులో మాట యాభై అయిదు. నమ్మకం యాభై. ఆ యాభై అయిదు నేను కళ్ళారా చూసినదాని వల్ల వచ్చిందా, మాధురి నోరు జారడం వల్ల వచ్చిందా, ఒక చెప్పు పోగొట్టుకుని టీ తాగిన సిగ్గు వల్ల వచ్చిందా? ఒట్టేసి చెప్పలేను. గ్రేస్ కాగితం చూసి, మడిచి నా సంచిలో పెట్టింది. మామిడి తాండ్ర పొట్లం కట్టి ఇచ్చింది.

కర్నూలు

ఇంటికొచ్చి కాగితాలు స్కాన్ చేయించి పంపాను. రెండో రోజున మాధురి ఫోన్ చేసింది.

"మేడమ్, రెండో పేజీలో పిల్లల గడిలో ఏదో నల్ల మరక పడింది. శుభ్రంగా ఇంకో కాపీ పంపగలరా?"

"అంకె కనిపిస్తోందా లేదా?"

"కనిపిస్తోంది. కానీ సరిచూసుకోవాలి కదా. ఎన్ని మేడమ్, నోటితో చెప్పండి, రాసుకుంటాను."

"నోటితో చెప్పను. కనిపిస్తోందన్నావుగా, చూసి రాసుకో. మరక మాత్రం తుడవకు."

రిటైరైన వాళ్ళతో వేగడం ఎలాగో ఆ పిల్ల అప్పుడప్పుడే నేర్చుకుంటోంది. ఇది చదువుతున్న మీకు కూడా ఆ అంకె చెప్పడం లేదు. ఉన్నాయి. బాగానే ఉన్నాయి.

గడువు దాటిన పది రోజులకు జాబితా వచ్చింది. కాపాడే నాలుగు పాయల్లో ఏడో పాయ చివరిది. దానితో పాటు మళ్ళీ చుక్కల బొమ్మ పంపారు. ఈసారి ఏ చుక్క నాదో నేనే గుర్తుపట్టలేకపోయాను. మిగతా ఏడుగురిలో కొందరు పెంచారు, కొందరు తగ్గించారు. ఏడో పాయ నా అంకె వల్ల నిలిచిందా, రెండో పేజీ వల్లనా, వేరే పాయ ఏదో దిగిపోవడం వల్లనా అని మాధురిని అడిగితే, "అలా విడదీసి చెప్పలేం మేడమ్," అంది.

సత్యవతి గారికి ఫోన్ చేసి పాయ ఉందని చెప్పాను. అవతల గాలి హోరు, ఎవరో గట్టిగా పిలుస్తున్నారు. ఆవిడ నవ్వుతున్నారో ఏడుస్తున్నారో తెలియలేదు. కాసేపటికి తేరుకుని ఒక్క మాట అడిగారు.

"ఆ మసి సుక్క తుడిచెయ్యలేదు కదండీ?"

"లేదు. తుడవనివ్వలేదు."

"ఆయ్," అన్నారావిడ. "మరందుకేనండి."